సోమ్ నది గట్టు మీద అయిదు రోజులు

ముందే చెప్పేస్తాను. ఫ్రాన్స్‌లో సోమ్ నది గట్టు మీద సైకిల్ తొక్కితే మొదటి ప్రపంచ యుద్ధం కనిపిస్తుందనుకుంటే నిరాశే. నది కనిపిస్తుంది, గాలాలేసుకుని కూర్చున్న ముసలాళ్లు కనిపిస్తారు, హంసలు, చెరువులు, లాకులు ఎన్నయినా ఉంటాయి, కార్లు దాదాపు ఉండవు. 1916లో ఇక్కడ జరిగిన సోమ్ యుద్ధం ఎక్కువ భాగం మాత్రం పైన, సుద్దనేల మైదానం మీద. అక్కడికి ఎక్కాలంటే కార్లు తిరిగే రోడ్డే దిక్కు. మేం ఒక రోజు పైనా నాలుగు రోజులు కిందా గడిపాం కాబట్టి సరిపోయింది, లేకపోతే పిక్నిక్‌కి వెళ్లొచ్చినట్టే ఉండేది.

మేం ఉండేది నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్ దగ్గర. సైకిల్ కొత్త కాదు గానీ అయిదు రోజుల సామాను రెండు పక్కలా కట్టుకుని తొక్కడం ఇదే మొదటిసారి. మే నెల మధ్యలో వెళ్లాం. పారిస్ నుంచి అమియాన్‌కి రైల్లో గంటా పావు, అక్కడ సైకిళ్లు అద్దెకు తీసుకున్నాం. అద్దె కొట్టు పేరు చెప్పను. సైకిళ్లు బాగానే ఉన్నాయి గానీ వాళ్లిచ్చిన గాలి పంపు నోరు వేరు, ట్యూబు వాల్వు వేరు. ఆ సంగతి మూడో రోజు వెనక చక్రం పంక్చరయ్యాక తెలిసింది. మీరు తీసుకుంటే మాత్రం కొట్టులోనే ఒకసారి గాలి కొట్టి చూసుకోండి, సిగ్గుపడకండి.

మొదటి రోజు అమియాన్ నుంచి ఆల్బేర్‌కి లోకల్ రైలు. సైకిళ్లు ఎక్కించాం, వాటికి టికెట్ ఎవరూ అడగలేదు. అక్కడి నుంచి తియెప్వాల్, లాంగ్వాల్ మీదుగా పెరోన్‌కి సుమారు 35 కిలోమీటర్లు, అన్నీ మామూలు రోడ్లే, ఎత్తుపల్లాలు కూడా. ట్రాక్టర్లు, ట్రక్కులు పక్కనుంచి దూసుకుపోతుంటే నాకు టెన్షనే. తియెప్వాల్ యుద్ధ స్మారకం 45 మీటర్ల ఎత్తు, దూరం నుంచే కనిపిస్తుంది. సోమ్ ప్రాంతంలో చనిపోయి శవం దొరకని 72,000 మందికి పైగా బ్రిటిష్, దక్షిణాఫ్రికా సైనికుల పేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి. దీన్ని డిజైన్ చేసిన బ్రిటిష్ ఆర్కిటెక్టు లుట్యెన్సే ఢిల్లీలో ఇండియా గేట్ కూడా డిజైన్ చేశాడు, అది తెలిశాక ఆ కమానులు ఎక్కడో చూసినట్టు అనిపించాయి. మన వాళ్ల పేర్ల కోసం ఇక్కడ వెతక్కండి. శవం దొరకని భారతీయుల జాబితా ఇంకా ఉత్తరాన నవ్ షాపెల్‌లో ఉంది.

మా ఆయనకు అసలు చూడాలని ఉన్నది తియెప్వాల్ కాదు. ఆయన పెరిగింది బొల్లారంలో, ఒకప్పటి హైదరాబాద్ కంటింజెంట్ దండు ఉన్న చోట. నిజాం కాలపు ఆ దళం నుంచి వచ్చినదే 20వ డెక్కన్ హార్స్. 1916 జూలై 14 సాయంత్రం, ఫిరంగులూ మెషిన్ గన్లూ నడుస్తున్న కాలంలో, ఈ గుర్రపు దళం డ్రాగూన్లనే బ్రిటిష్ గుర్రపు దళంతో కలిసి బల్లేలు పట్టుకుని లాంగ్వాల్ పక్కన గోధుమ చేలల్లోంచి హై వుడ్ అనే అడవి వైపు దూకింది. చేలల్లో దాక్కున్న జర్మన్లను కొందరిని పొడిచారు, కొందరిని పట్టుకున్నారు. అడవి మాత్రం చేతికి రాలేదు, బ్రిటిష్ వాళ్లకు పూర్తిగా దక్కేసరికి సెప్టెంబర్ 15 అయింది. ఆ చేల పక్కన రోడ్డు మీద సైకిళ్లు ఆపుకుని నిలబడ్డాం. ఇప్పుడూ పంటే, బంగాళదుంపలు కూడా వేశారు. మా ఆయన పావుగంట ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఇక్కడ ఒక్క చెట్టు నీడ కూడా లేదే" అన్నారు. అవును, నీడ లేదు, టాయిలెట్ లేదు, మంచినీళ్ల కొళాయి లేదు. నీళ్లు ఆల్బేర్‌లోనే నింపుకుని బయలుదేరాలి.

రాత్రి బస పెరోన్‌లో, ఓ ఇంటి మేడ మీద గది, ఇద్దరికీ టిఫిన్‌తో కలిపి 78 యూరోలు. సైకిళ్లకు తాళం వేసే షెడ్డు ఇచ్చారు, ఆ ఇంటావిడ మంచిది. యుద్ధ మ్యూజియం ఊరి పాత కోటలో ఉంది, 1992 నుంచీ నడుస్తోంది. దాని కోసం రెండు గంటలైనా పెట్టండి. తుపాకుల వరస కాకుండా సైనికుల దుస్తులూ సామాన్లూ నేలలో తవ్విన గుంటల్లో పరిచి పెట్టారు, పై నుంచి తొంగి చూడాలి. జర్మన్, ఫ్రెంచ్, బ్రిటిష్ అని తేడా లేకుండా ఒకే తీరున పరిచారు.

రెండో రోజు పొద్దున్నే ఊరి దక్షిణం చివర లా షాపెలెట్ శ్మశానానికి వెళ్లాం. గైడ్లు దీన్ని పెద్దగా చెప్పరు. బ్రిటిష్ వాళ్లతో పాటు వందల మంది భారతీయులు ఉన్నారిక్కడ. తెల్లరాయి మీద దేవనాగరిలో "ఓం భగవతే నమః", కింద ఇంగ్లీషులో పేరు, దళం, తేదీ. కాల్చాల్సిన వాళ్లను పూడ్చి, పైన ఓం రాశారు. నేను చెప్పులు విప్పాలా వద్దా అని ఆలోచిస్తూ నిలబడ్డాను, చివరికి విప్పాను, గడ్డి మంచుకి తడిసి ఉంది.

ఇక అక్కడి నుంచి నది. పెరోన్ నుంచి సముద్రం దగ్గర సాన్ వాలెరీ దాకా సుమారు 120 కిలోమీటర్లు, బోర్డుల మీద ఈ సైకిల్ దారి నంబరు వి30 అని ఉంటుంది. ఊళ్ల దగ్గర కాసేపు చిన్న రోడ్లు తగులుతాయి, మిగతాదంతా కాలువ గట్టే. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకు ఈ గట్టు చూస్తే వేరే ఏమీ చెప్పక్కర్లేదు, పడవని తాడుతో లాగిన దారి అని ఇట్టే తెలిసిపోతుంది. లాకులు కూడా అచ్చం మా ఊరి లాకుల్లాగే, పక్కనే లాకు సూపర్వైజర్ ఇల్లులాంటి ఇల్లు. కొన్ని ఇళ్లను ఇప్పుడు కాఫీ కొట్లుగా, బసలుగా మార్చారు. మార్చారు గానీ తెరిచి ఉంటాయన్న నమ్మకం పెట్టుకోకండి. మేం వెళ్లింది సోమవారం, మూడింటిలో రెండు మూసి ఉన్నాయి. కాపీ అనే ఊళ్లో కాఫీ దొరక్క మా ఆయన ఆ రోజంతా అదే జోకు చెప్పారు.

ఈ ముక్క, పెరోన్ నుంచి కోర్బీ దాకా, మొత్తం దారిలో బంగారం. వో దగ్గర గుట్ట ఎక్కి చూస్తే నది ఒంపులు, వాటి చుట్టూ చెరువులు. ఆ చెరువులు దేవుడు ఇచ్చినవి కావు, పొయ్యిల్లో వేసుకోవడానికి వందల ఏళ్లు పీట్ మట్టి తవ్వగా మిగిలినవి. ఫ్రువాసీ దగ్గర 60 సెంటీమీటర్ల వెడల్పు పట్టాల బుల్లి రైలు ఉంది, 1916లో కందకాలకు గుండ్లు మోయడానికి వేసింది. అన్ని రోజులూ తిరగదు, మేం వెళ్లిన రోజు తిరగలేదు. షిపిలీలో మాత్రం ఆగకుండా పోకండి. గట్టు నుంచి కొంచెం పక్కకు వెళ్లాలి, అక్కడ బ్రిటిష్ సైన్యంలోని 58వ లండన్ డివిజన్ స్మారకం ఉంది. దాని మీద జనరల్ లేడు, జెండా లేదు. దెబ్బ తిని కుప్పకూలిన గుర్రం తలను ఒడిసి పట్టుకుని తన ముఖానికి ఆనించుకున్న ఫిరంగి దళం మనిషి ఒక్కడు. నిన్నటి చేలల్లో గుర్రాలు ఎన్ని పోయాయో నేను ఆలోచించలేదని అప్పుడు గుర్తొచ్చింది.

కోర్బీలో హోటల్ గది 92 యూరోలు, అంత విలువ లేదు. సైకిళ్లు బార్ వెనక వంటింటి చెత్త డబ్బాల పక్కన పెట్టమన్నారు. నేను గుడ్డు తింటాను గానీ మాంసం తినను, వాళ్ల మెనూలో నాకు మిగిలింది చీజూ బ్రెడ్డూ. ఈ పికార్డీ ప్రాంతం వాళ్ల ఫిసెల్ అనే పుట్టగొడుగుల అట్టు ఇక్కడ ప్రతి చోటా ఉంటుంది, రుచిగా కూడా ఉంటుందట, కానీ లోపల హామ్ ముక్క. "హామ్ లేకుండా" అంటే అమియాన్‌లో చేసిచ్చారు, కోర్బీలో మొహం చిట్లించారు. రెండు పూటలు నేను తెచ్చుకున్న పులిహోర పొడే కాపాడింది. పల్లెటూళ్లలో దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తారు, సోమవారం బేకరీ ఉండకపోవచ్చు, కాబట్టి ఒక పూట తిండి ఎప్పుడూ సంచిలో ఉండాలి.

అమియాన్ గురించి ఎక్కువ రాయను, అందరూ రాశారు. 1220లో మొదలుపెట్టిన పెద్ద చర్చి, యుద్ధంలో ఇసుక బస్తాలు పేర్చి కాపాడుకున్నారు. నీళ్ల మధ్య కూరగాయల తోటలు కూడా ఉన్నాయి. పంక్చర్ అయింది ఊరికి ఆరు కిలోమీటర్ల ముందు, తోసుకుంటూ నడిచాం. గాలం వేసుకుంటున్న ఒకాయన తన కారులోంచి పంపు తీసి ఇచ్చారు, అదీ సరిపోలేదు, అయినా ఇద్దరికీ ఆపిల్ ముక్కలు కోసి పెట్టారు.

అమియాన్ దిగువన దారి ఇంకా నున్నగా ఉంటుంది, చిన్న పిల్లలతో వచ్చేవాళ్లకు ఈ సగమే చాలు. అబ్‌విల్ నుంచి సాన్ వాలెరీ దాకా పదిహేను కిలోమీటర్లు కాలువ గీత గీసినట్టు పోతుంది, సముద్రపు గాలి ఎదురు. రెండు గంటలు పట్టింది, తల ఎత్తితే అదే చెట్ల వరస. ఇక్కడ గాలి ఎక్కువగా పడమర నుంచే వస్తుందని మాకు ముందు తట్టలేదు. సాన్ వాలెరీ నుంచి పెరోన్ వైపు తొక్కితే గాలి వీపు మీద ఉండేది, పెరోన్‌లో మాత్రం రైలు లేదు, మళ్లీ ఆల్బేర్ దాకా తొక్కాలి. అయినా నేనైతే అటునుంచే ఇటు రమ్మంటాను.

సాన్ వాలెరీలో బసలు ఖరీదు, శనివారం అయితే మరీ. మేం ఊరి బయట క్యాంపింగ్‌లో చెక్క గుడిసె తీసుకున్నాం, 55 యూరోలు, పరుపు గట్టిది, వేడి నీళ్లు బాగా వచ్చాయి. అయిదు రాత్రుల్లో నేను హాయిగా పడుకున్నది అక్కడే.

రైలెక్కాలంటే నువాయెల్ స్టేషన్‌కి ఆరేడు కిలోమీటర్లు. ఆ ఊరి దగ్గరే చీనా కార్మికుల శ్మశానం ఉంది, బ్రిటిష్ సైన్యం సామాన్లు మోయడానికి, కందకాలు తవ్వడానికి తెచ్చుకున్నవాళ్లు, 840 మంది దాకా. చాలామంది పోయింది యుద్ధం చివర్లో మొదలై ఆ తర్వాతా సాగిన ఫ్లూతో. రాళ్ల మీద చీనా అక్షరాలు, నాకు ఒక్కటీ అర్థం కాలేదు, అయినా వరసగా చూసుకుంటూ పోయాను. రైలు ఇరవై నిమిషాల్లో ఉందని మా ఆయన గేటు బయటే రెండు సైకిళ్లూ పట్టుకుని నిలబడి పిలుస్తూనే ఉన్నారు.