పాలమూరు, నల్లగొండ చర్చిల ఆవరణల్లో మే నెల

పర్యావరణ దినమైన జూన్ 5కి దగ్గరపడే ఆదివారం మన చర్చిల్లో మొక్కలు నాటడం మామూలే. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాలు దాన్ని పర్యావరణ ఆదివారంగానే జరుపుకుంటాయి. క్యాథలిక్కులకైతే సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 4 దాకా ప్రకృతి కోసం ప్రార్థించే సృష్టి కాలం ఉంది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ పర్యావరణం మీద ‘లౌదాతో సీ’ లేఖ రాశాక ఆ మాట మన విచారణల్లోనూ (పారిష్‌లలోనూ) వినబడుతోంది. ప్రసంగాలు బాగుంటాయి, ఫొటోలు బాగుంటాయి. నాటిన మొక్క సంగతి మాత్రం తర్వాతి మే నెలలో తేలుతుంది. అందుకే నేనూ మా అక్కా పనిగట్టుకుని ఎండల్లోనే బయల్దేరాం.

హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ సుమారు వంద కిలోమీటర్లు. మహాలక్ష్మి పథకంలో ఎక్స్‌ప్రెస్ బస్సులో మాకు జీరో టికెట్టే. ఆధార్ కార్డు చేతిలో ఉండాలి, సీటు మీద ఆశ ఉండకూడదు.

మొదటి రాత్రి బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగాం. ఏసీ పనిచేసింది, అంతకుమించి చెప్పుకోవడానికేం లేదు. మర్నాడు ఒక పాత మిషన్ కాంపౌండ్‌లోని గెస్ట్‌రూమ్‌కి మారాం. జడ్చర్ల, వనపర్తి, గద్వాల, దేవరకొండల్లో మెన్నొనైట్ బ్రదరన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ మిషనరీలు కట్టుకున్న కాంపౌండ్ల తీరే ఇక్కడా కనిపించింది: ఎత్తు కప్పు, మందపు గోడలు, చుట్టూ వేపలు, చింతలు. ఏసీ లేకున్నా మధ్యాహ్నం నిద్ర పట్టింది. నీళ్లు మాత్రం పొద్దున కాసేపే వస్తాయి, బకెట్లు నింపుకోవాలి. గేటు తొమ్మిదింటికే మూసేస్తారు. పాస్టరు గారికి ముందే ఫోన్ చేయకపోతే గది దొరకదు. ఆడవాళ్లం ఇద్దరమే వెళ్లాం కాబట్టి నా ఓటు దీనికే.

పట్టణంలో ఒక పెద్ద చర్చికి కూడా వెళ్లాం. పార్కింగ్ కోసం ఆవరణంతా సిమెంటు పోశారు. నిరుడు నాటిన మొక్కల చుట్టూ ట్రీగార్డులు ఉన్నాయి, వాటి మీద దాతల పేర్లు ఉన్నాయి, లోపల ఎండుపుల్లలు ఉన్నాయి. గేటు దగ్గర ‘సృష్టిని కాపాడుదాం’ అని ఫ్లెక్సీ. దాన్ని ఏకంగా వేపచెట్టుకే మేకులేసి కొట్టారు! వంద మైక్రాన్లకు తక్కువ మందం ఉన్న పీవీసీ బ్యానర్లనూ, అలంకరణకు వాడే థర్మకోల్‌నూ 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. ఆ సంగతి మన పండుగ కమిటీల దాకా ఇంకా చేరినట్టు లేదు.

పిల్లలమర్రి ఎలాగూ చూస్తారు. 2018లో చెదలు పట్టినప్పుడు ఆ మర్రికి సెలైన్ సీసాలు కట్టి, బొట్టుబొట్టుగా మందెక్కించారు. ట్రీగార్డు కమిటీని ఒకసారి అక్కడికి తీసుకెళ్లాలి.

నాకు బాగా నచ్చింది దేవరకొండ వైపు ఒక పల్లె సంఘం. రేకుల చర్చి, యాభై మందికి మించి పట్టరు. మేం వెళ్లింది నెల మొదటి ఆదివారం, ప్రభుబల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారం) ఉంది. ఆరాధన అయ్యాక ఒక పెద్దమ్మ స్టీలు తాంబాళం ముందేసుకుని కూర్చుంది. వేలెడైనా లేని గాజు గ్లాసుల్ని ఒక్కొక్కటే వేడినీళ్లలో ముంచి తీసి, తెల్లగుడ్డ మీద బోర్లిస్తోంది.

“ప్లాస్టిక్‌వి తెచ్చుకుంటే ఈ పని తప్పుతుంది కదా పెద్దమ్మా?” అన్నాను.

“పారేస్తే బర్లు తింటయి బిడ్డా. కడిగితే మన చేతులేం అరుగుతయా?”

ప్రేమవిందు మోదుగాకు విస్తళ్లలో పెట్టారు. చేతులు కడిగిన నీళ్లు చిన్న కాలువ గుండా మునగచెట్టు పాదులోకి పోతున్నాయి. ఆ మే నెలలోనూ చెట్టు పచ్చగా ఉంది. కాకపోతే విస్తళ్లు కుట్టిందీ, గ్లాసులు కడిగిందీ, అంట్లు తోమిందీ అన్నీ ఆడవాళ్లే. యవనస్థులు కీబోర్డు వైర్లు చుట్టడానికే గంట తీసుకున్నారు.

నల్లగొండలో అసలు సమస్య నీళ్లే. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత పని చేసిందో చెప్పక్కర్లేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టి, నల్లగొండ టెక్నిక్ అన్నారు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చినా క్యాన్ల అలవాటు పోలేదు. మేం చూసిన ఒక సంఘం ఆర్వో ప్లాంటు నడుపుతోంది. మంచి సేవే. కానీ వడకట్టాక మిగిలే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. దాన్ని వెనక గుంటలోకి వదిలేస్తున్నారు.

దానికి కొంచెం దూరంలోని ఇంకో సంఘం చర్చి కప్పు మీది వాననీళ్లను పైపుల గుండా సంపులోకి మళ్లించింది. వాననీళ్లలో ఫ్లోరైడ్ బెడద ఉండదు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 900 లీటర్లు. కప్పు ఊడ్చి, తొలివాన నీళ్లు వదిలేసి, ఆ తర్వాతవే పడతామని సంఘపెద్ద చెప్పారు. తాగేవి కాచి వడగడతారట. మాకూ ఒక చెంబుడు ఇచ్చారు, చప్పగా ఉన్నాయి. అక్క రెండో చెంబు అడిగింది.

వెళ్లేవాళ్లు పల్లె సంఘాలకు నెల మొదటి ఆదివారమే వెళ్లండి. మధ్యాహ్నం తిరుగు బస్సులు తక్కువ, టైము ముందే కనుక్కోండి. నీళ్ల సీసా ఇంటి నుంచే పట్టుకెళ్లండి.