ఇన్‌స్టానా, వెబ్‌టూనా, సొంత సైటా: తెలుగు కామిక్ ఎక్కడ పెడితే మేలు?

నెలకొకరైనా అడిగే ప్రశ్న ఇది. బొమ్మలు బాగానే వేస్తారు, చేతిలో కథా ఉంటుంది, ఎక్కడ పెట్టాలో తేలక అక్కడే ఆగిపోతారు. మా వీధి చివరి ఇడ్లీ బండి చుట్టూ అల్లిన నా కామిక్‌ని నేను మూడు చోట్లా పెట్టి చూశాను. వాట్సాప్‌లో అయితే నేను పెట్టకుండానే తిరిగింది, ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఒక్క మాట. ఇంగ్లీషులో కామిక్స్ వేసేవాళ్ళకిచ్చే సలహాలు మనకి సగమే పనికొస్తాయి, ఎందుకంటే మన తిప్పలన్నీ ఒత్తులతోనే.

నవ్వకండి, నిజం. ఇంగ్లీషు మాటల బుడగలో రెండు వరసల్ని దగ్గరికి నొక్కేసినా ఏమీ కాదు. తెలుగులో పై వరస కింద ఒత్తు వేలాడుతుంటుంది, కింది వరస మీద గుడి లేచి ఉంటుంది, రెండూ ఢీకొంటాయి. వరసల మధ్య చోటు పెంచితే బుడగ పొడుగవుతుంది, బుడగ పొడుగైతే బొమ్మకి చోటు తగ్గుతుంది. దానికి తోడు "వెళ్ళిపోతున్నాడంట" అనే ఒక్క మాటే ఒక వరస మొత్తం తినేస్తుంది. పైగా కొన్ని డ్రాయింగ్ యాప్‌లలో తెలుగు టైపు చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి, అందుకని నేను బొమ్మ క్రిటాలో వేసి, మాటలు ఇంక్‌స్కేప్‌లో పెడతాను, రెండూ ఉచితమే. ఫాంట్లు కూడా గూగుల్ ఫాంట్స్‌లో ఊరికే దొరుకుతాయి: మామూలు మాటలకి మండలి, అరుపులకి రామభద్ర. చేతిరాత బాగున్నవాళ్ళు మాత్రం ఫాంటు జోలికే పోవద్దు. బాపు గారి చేతిరాత ఫాంటుగా కూడా వచ్చిందంటే బొమ్మ పక్కన చేతిరాతకి ఉన్న విలువేంటో అర్థమవుతుంది.

ఇక ఇన్‌స్టాగ్రామ్. మనవాళ్ళు ఉన్నది అక్కడే, దీని మీద వాదన అనవసరం. తెలుగు మీమ్ పేజీల పుణ్యమా అని బొమ్మా మాటా కలిపి చదవడం అందరికీ అలవాటైపోయింది. ఒకే పోస్టులో ఎక్కువ బొమ్మలు పెట్టే సదుపాయం 2017లో వచ్చింది, అప్పుడు పది, 2024 నుంచి ఇరవై దాకా. ఒక చదరంలో నాలుగు ప్యానెళ్ళు, అంటే నాలుగు బొమ్మల గడులు, కుక్కే పాత పద్ధతి ఇంగ్లీషుకి సరిపోతుందేమో గానీ, తెలుగు అక్షరం ఫోన్‌లో చీమంత అయిపోతుంది. అందుకే నేను స్లైడుకి ఒక్క ప్యానెలే పెడతాను, 1080 పిక్సెళ్ళ (తెర మీది చుక్కల) వెడల్పు, 1350 పొడవు. ఇందులో ఓ మజా ఉంది. వేలితో పక్కకి జరపడమంటే పేజీ తిప్పడమే కదా, అసలు జోకుని తర్వాతి స్లైడులో దాచిపెట్టొచ్చు. పుస్తకంలో అయితే ఎదురు పేజీలో కన్ను ముందే పడిపోతుంది. నాలుగు నుంచి ఎనిమిది ప్యానెళ్ళ సరదా ముక్కకి ఇంతకన్నా మంచి చోటు నాకు కనపడలేదు.

ధారావాహికకి మాత్రం ఇది నరకం. కొత్త పాఠకుడు మీ పద్నాలుగో ఎపిసోడ్ చూసి లోపలికొస్తాడు, మొదటిది కావాలంటే కిందికి తవ్వుకుంటూ పోవాలి. క్యాప్షన్‌లో లింకు ఇస్తే అది నొక్కినా పనిచేయదు. 2025 మొదట్లో ప్రొఫైల్ గళ్ళు చదరం నుంచి నిలువుకి మారాయి, చదరం కవర్లు ముచ్చటగా పేర్చుకున్నవాళ్ళంతా మళ్ళీ సర్దుకోవాల్సి వచ్చింది. ఇంకో సంగతి. నా కామెంట్లలో సగానికి పైగా ఇంగ్లీషు అక్షరాల తెలుగే. తెలుగు లిపి గబగబా చదవలేని కుర్రాళ్ళు చాలామందే ఉన్నారు, ప్యానెల్‌కి పది మాటలు దాటితే వాళ్ళు జారిపోతున్నారు. అలాగని సంభాషణ కూడా ఇంగ్లీషు అక్షరాల్లో రాసేద్దామా అంటే నాకు మనసొప్పలేదు. మాటలే తగ్గించాను, కామిక్ బాగుపడింది కూడా.

వెబ్‌టూన్ విషయానికొస్తే, ఇది కొరియా సరుకు. అక్కడి నేవర్ సంస్థ 2004లో మొదలుపెట్టింది, ఇంగ్లీషులోకి 2014లో వచ్చింది. క్యాన్వాస్ అనే విభాగంలో ఎవరైనా తమ కామిక్ ఎక్కించుకోవచ్చు. అక్కడ పేజీలుండవు, పైనుంచి కిందికి జారుకుంటూ చదవడమే. ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య వదిలిన ఖాళీయే సమయం. నా కథలో ఇడ్లీ బండి తాతయ్య బండి తోసుకుంటూ వెళ్ళిపోయాక రెండు తెరల పొడవున తెల్లగా వదిలేస్తే పాఠకుడు ఆ ఖాళీలోంచి జారుతూ ఆ లోటుని అనుభవిస్తాడు, పుస్తకంలో ఇది చేయాలంటే కాగితం ఖర్చు. నాకు అంతకంటే నచ్చిందేంటంటే, బుడగని బొమ్మ లోపలే ఇరికించక్కర్లేదు. పైన ఉన్న ఖాళీలో హాయిగా తేలనివ్వొచ్చు, ఒత్తులకీ గుడులకీ కావాల్సినంత చోటు. కొరియా వాళ్ళు మన లిపి కోసమే ఈ రూపం కనిపెట్టారా అనిపించింది.

కానీ క్యాన్వాస్‌లో తెలుగు విభాగం లేదు. ఇంగ్లీషు, స్పానిష్, ఫ్రెంచ్, థాయ్, ఇండొనేషియా లాంటివి ఉన్నాయి. నేను తెలుగు ఎపిసోడ్లు పట్టుకెళ్ళి ఇంగ్లీషు విభాగంలో పెట్టాను, చేపల మార్కెట్లో పూలు అమ్మినట్టయింది. మీరు ఇంగ్లీషులో రాసేటట్టయితే లెక్క వేరు. శైలేష్ గోపాలన్ అనే కార్టూనిస్టు మన ఇళ్ళలో జరిగే గోలనే బ్రౌన్ పేపర్‌బ్యాగ్ పేరుతో ఇంగ్లీషులో వేసి అక్కడ బోలెడంత మంది పాఠకుల్ని సంపాదించుకున్నాడు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న మన పిల్లల కోసం వేస్తున్నారా, మొహమాటపడకుండా అక్కడికే వెళ్ళండి. తెలుగులో వేస్తే మాత్రం ఆ రూపం తీసుకోండి, ఆ చోటు వదిలేయండి.

సొంత సైటు అంటే చాలామందికి టెన్షన్. డొమైన్‌కి ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ, ఒక ఆదివారం కూర్చుంటే సైటు లేచి నిలబడుతుంది. లాభమేంటంటే "మొదటి ఎపిసోడ్" అనే బటన్. అంతే, సగం గెలుపు అదే. అమెరికా కార్టూనిస్టు రాండల్ మన్రో ఎక్స్‌కేసీడీ అనే తన వెబ్‌కామిక్‌ని 2005 నుంచీ సొంత సైటులోనే నడుపుతున్నాడు, బొమ్మ మీద మౌసు ఆపితే ఇంకో జోకు బయటికొస్తుంది, ఈ చిలిపి పని ఇన్‌స్టాలో చేయగలమా? మనకి ఇంకో ఉపయోగం కూడా ఉంది. ప్రతి ఎపిసోడ్ కింద సంభాషణంతా యూనికోడ్ తెలుగులో రాసిపెడితే గూగుల్‌కి దొరుకుతుంది, చూపు లేనివాళ్ళ ఫోను చదివి వినిపిస్తుంది. బొమ్మలో ఉన్న అక్షరాలతో ఈ రెండూ నమ్మకంగా జరగవు. ఇక వేరేవాళ్ళ సైట్ల సంగతంటారా, స్మాక్ జీవ్స్ అని వెబ్‌కామిక్స్‌కి ఓ పెద్ద అడ్డా ఉండేది, 2020 చివర్లో మూసేశారు, దాచుకోనివాళ్ళ బొమ్మలు దాంతోపాటే పోయాయి.

నష్టం ఒక్కటే, పిలవకపోతే ఎవరూ రారు. మొదటి మూడు నెలలు నా సైటు చూసింది నేనూ మా బావా. బావ కూడా నేను పక్కన కూర్చుంటేనే.

వాట్సాప్ గురించి చెప్తానన్నాను కదా. ఓ మీమ్ పేజీ వాళ్ళు నా ప్యానెల్ ఒకటి తీసుకుని, కింద ఉన్న సంతకం కత్తిరించి వదిలారు. వారం తిరక్కుండా మా పిన్ని దాన్ని నాకే పంపి, "నువ్వు కూడా ఇలాంటివి వెయ్యొచ్చు కదమ్మా" అంది. అప్పట్నుంచీ సంతకం మూలన పెట్టడం మానేసి బొమ్మ లోపల, బండి చక్రం మీదో సైన్‌బోర్డు మీదో పెడుతున్నాను. ఎపిసోడ్‌ని ఫొటోలుగా కాకుండా పీడీఎఫ్‌గా పంపితే అక్షరాలు మసకబారవు, వరస చెదరదు, చివరి పేజీలో సైటు లింకు నొక్కితే తెరుచుకుంటుంది. మన పెద్దవాళ్ళకి చేరాలంటే ఇదే దారి, మిగతావన్నీ వాళ్ళకి తెలియని ఊళ్ళు.

డబ్బుల మాట కూడా అనేస్తాను. అభిమానులు నెలనెలా చందా కట్టే సైటు పేట్రియాన్ అమెరికాలో చాలామంది కామిక్ ఆర్టిస్టులకి ఆధారం, కానీ 2021 అక్టోబరులో ఆటో-డెబిట్ మీద రిజర్వు బ్యాంకు నిబంధనలు అమల్లోకి వచ్చాక, ఇక్కడి కార్డుతో విదేశీ సైట్లకి నెలనెలా కట్టడం పెద్ద తలనొప్పి అయిపోయింది. నేను చివరి స్లైడులో యూపీఐ క్యూఆర్ పెడతాను. యాభై, వంద వస్తుంటాయి, రంగుల ఖర్చు కాదుగానీ టీ ఖర్చు వెళ్ళిపోతుంది.

సరే, ఏది మేలంటే, విడి జోకులు వేసేవాళ్ళకి ఇన్‌స్టా ఒక్కటి చాలు, సైటు పెట్టి వెయ్యి తగలెయ్యకండి. నాలాగా సాగే కథ ఉంటే ప్రతి ప్యానెల్‌నీ ఒకే కొలతలో, నాలుగు వంతుల వెడల్పుకి అయిదు వంతుల పొడవు లెక్కన గీయండి. విడివిడిగా పెడితే ఇన్‌స్టా స్లైడు, ఒకదాని కింద ఒకటి, మధ్యలో కావాల్సినంత ఖాళీతో అతికిస్తే సొంత సైటులో వెబ్‌టూన్ తరహా ఎపిసోడ్. గీసేది ఒక్కసారే.

ఆ గీసేదేదో పెద్ద సైజులో గీయండి, ఇది మాత్రం నేను దెబ్బ తిని నేర్చుకున్నా. బ్రిటన్ రచయిత్రి ఆలిస్ ఓస్‌మన్ 2016లో హార్ట్‌స్టాపర్ అనే తన కామిక్‌ని నెట్‌లో ఊరికే చదవనిచ్చి, 2018లో పాఠకుల చందాతో పుస్తకం వేసింది, ఊరికే చదివినవాళ్ళే కొన్నారు. అది చూసి నేనూ పదహారు పేజీల సెంటర్ పిన్ పుస్తకం వేద్దామని ఇన్‌స్టా ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ప్రెస్సుకి వెళ్ళాను. అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి, అంటే 1080 వెడల్పు బొమ్మ మూడున్నర అంగుళాలు దాటగానే మసకే. "అగ్గిపెట్టె మీదకైతే బ్రహ్మాండంగా ఉంటుందండీ" అన్నాడు ప్రెస్సాయన. ఇప్పుడు 2400 బై 3000లో గీసి, నెట్‌కి తగ్గించుకుంటున్నాను. పాత ప్యానెళ్ళు 22 మళ్ళీ గీయాలి, జనవరిలో విజయవాడ పుస్తకాల పండుగ లోపు అవ్వాలని నా ఆశ, ఇప్పటికి తొమ్మిదయ్యాయి.