ఆర్డరా, ఉమ్మడి పార్కా, పెద్ద కంపెనీయా: నేత ఊళ్లకు ఏది మేలు?

తరతరాలుగా ఒక ప్రాంతానికి కూడు పెట్టిన వృత్తి దెబ్బతిన్నప్పుడు దాన్ని నిలబెట్టడానికి ప్రభుత్వ సొమ్ము ఖర్చు చేయాలా వద్దా అన్న చర్చ తెలంగాణ నేత ఊళ్ల విషయంలో ఎప్పుడో ముగిసింది. ఏ పార్టీ గద్దెనెక్కినా ఖర్చు చేస్తామనే అంటుంది. ఆ సొమ్ము ఏ దారిన వెళ్లాలన్నదే ఇంకా తేలలేదు. గత రెండు దశాబ్దాల్లో ఇక్కడ మూడు దారులు తొక్కి చూశారు. సిరిసిల్లలో ప్రభుత్వమే గుడ్డ కొనుగోలుదారు అయింది. పోచంపల్లిలో స్థానికులతో కంపెనీ పెట్టించి ఉమ్మడి వసతులకు సాయం చేసింది. వరంగల్ దగ్గర భూమి, రోడ్లు, నీళ్లు, కరెంటు సమకూర్చి బయటి కంపెనీలను పిలిచింది. ప్రభుత్వం చెయ్యి తీసేసిన మరుసటి ఏడాది ఆ ఊళ్లో ఏం మిగులుతుందన్నదే ఈ మూడింటినీ తూచడానికి నేను వాడే కొలత.

సిరిసిల్ల సంగతి ముందు చూడాలి, ఎందుకంటే ఈ కొలతకు అక్కడ నిజంగానే పరీక్ష జరిగింది. పాతికవేలకు పైగా మరమగ్గాలున్న ఆ పట్టణంలో వాటిని సాంచాలంటారు. నూలు కొని, ఆర్డరు పట్టే యజమాని ఒకరు; నాలుగైదు సాంచాలో, మరికొన్నో సొంతంగా పెట్టుకుని ఆ యజమానికి కూలికి నేసిపెట్టే ఆసామి మరొకరు; ఆసామి షెడ్డులోనో యజమాని కార్ఖానాలోనో మీటరు లెక్కన కూలి తీసుకునే కార్మికుడు ఇంకొకరు. ఈ మూడంచెల్లో సరుకు అమ్ముడుపోని నష్టం పైనుంచి కిందికి జారుతుంది, లాభం మాత్రం అంత తేలిగ్గా జారదు. దశాబ్దాలుగా అక్కడ ఎక్కువగా నేసింది చవక పాలిస్టర్ గుడ్డ, లంగాల గుడ్డ. అదే రకం గుడ్డ అంతకన్నా చవగ్గా తీసే కేంద్రాలు దేశంలో చాలా ఉన్నాయి కనుక ధర పడిపోయినప్పుడల్లా సాంచాలు ఆగేవి, కార్మికులు భివండికో సూరత్‌కో బయలుదేరేవారు, కొందరి ఇళ్లలో ఆత్మహత్యలు జరిగేవి.

2017లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ పండుగకు పేద మహిళలకు చీరలు పంచాలనుకున్నప్పుడు ఆ ఆర్డరు సిరిసిల్లకు ఇవ్వడం తెలివైన పనే. తొలి ఏడాది అంత సరుకు సమయానికి అందక దాదాపు సగం చీరలు సూరత్ నుంచి తెప్పించారు. నాణ్యత బాగోలేదని కొన్నిచోట్ల మహిళలు ఆ చీరలను తగలబెట్టారు కూడా. తర్వాతి ఏళ్లలో ఆర్డరు మొత్తం దాదాపుగా ఇక్కడికే వచ్చింది. జాకెట్టు ముక్కతో కలిపి చీర 6.3 మీటర్లు, చీరలు సుమారు కోటి. అంటే ఒక్క పండుగకు ఆరు కోట్ల మీటర్లకు పైగా గుడ్డ, ఏటా సుమారు 300 కోట్ల రూపాయలు. సీజన్‌లో కూలి రెట్టింపైందని ప్రభుత్వం చెప్పుకునేది. రెట్టింపు మాట అటుంచినా, ఏడాదిలో ఆరేడు నెలల పాటు చేతినిండా పని ఉంటుందన్న భరోసా సిరిసిల్ల కార్మికుడికి అంతకు ముందు లేదు. దీన్ని ఓట్ల పథకమని కొట్టిపారేసేవారు ఈ ఒక్క సంగతిని ఎప్పుడూ పక్కన పెడతారు.

అయితే ప్రభుత్వం మారాక, 2024లో పథకం ఆగిపోయింది. పాత బకాయిలు నిలిచిపోయాయి. కొత్త ఆర్డర్లు రాక సాంచాలు మూగబోయాయి, ఆత్మహత్యల వార్తలు మళ్లీ పత్రికలకెక్కాయి. ఏడేళ్ల పాటు వచ్చిన ఆర్డర్లు పోయిన మరుసటి ఏడాదికే పట్టణం మొదటికి వచ్చిందంటే, ఆ ఏడేళ్లలో సొమ్ము కూలిగా, లాభంగా వచ్చి వెళ్లిందే తప్ప సిరిసిల్లకు కొత్త సత్తువగా మారలేదు. మారకపోవడానికి కారణం ఆర్డరు రాసిన తీరులోనే ఉంది. డిజైను, రంగు, ధర, గడువు అన్నీ ప్రభుత్వ సంస్థ టెస్కోయే తేల్చేది. బయట మార్కెట్లో ఏది ఆడుతుందో కనుక్కోవలసిన అవసరం యజమానికి లేకుండా పోయింది. అద్దకం, ప్రాసెసింగ్ కోసం గుడ్డ చాలావరకు బయటికే వెళ్లేది కనుక, విలువ పెరిగే ఆ దశ సిరిసిల్లకు దక్కలేదు. కార్మికుడినే యజమానిని చేస్తామన్న పథకం పెద్దూరు దగ్గర షెడ్ల దాకా వచ్చింది గానీ, షెడ్లు లేచినంత త్వరగా సాంచాలు కార్మికుల చేతికి రాలేదు. ఇప్పటి ప్రభుత్వం వేములవాడలో నూలు డిపో పెట్టింది, స్వయం సహాయక సంఘాల మహిళలకు ఇచ్చే చీరల పనిని 2025లో మళ్లీ సిరిసిల్లకే అప్పగించింది. సాంచాలు తిరిగి కదలడం సంతోషమే. కానీ మళ్లీ వచ్చింది కూడా ఆర్డరే కదా!

రెండో దారి పోచంపల్లిది. కేంద్రం 2005లో మొదలుపెట్టిన సమీకృత జౌళి పార్కుల పథకం కింద ప్రాజెక్టు ఖర్చులో 40 శాతం, గరిష్ఠంగా 40 కోట్ల రూపాయలు గ్రాంటుగా వచ్చేది; మిగతాది స్థానిక పారిశ్రామికులు ఒక కంపెనీగా ఏర్పడి వాటాలు, బ్యాంకు అప్పులతో సమకూర్చుకోవాలి. ప్రభుత్వం యజమాని కాదు, భాగస్వామి మాత్రమే అన్న ఆలోచన కాగితం మీద మూడింటిలోకీ మెరుగైనది. ఆ పద్ధతిలో కనుముక్కుల దగ్గర పోచంపల్లి చేనేత పార్కు లేచింది. కొన్నాళ్లు నడిచింది, అప్పుల్లో చిక్కుకుంది, చివరికి వేలం దాకా వస్తే 2023లో రాష్ట్ర ప్రభుత్వమే దాన్ని తీసుకోవలసి వచ్చింది.

ఎందుకిలా జరిగిందో తెలియాలంటే పోచంపల్లిలో నేసే ఇక్కత్ చీర తయారయ్యే తీరు చూడాలి. ముందు ఆసు పోయాలి: అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలు పోగును ముందుకీ వెనక్కీ తిప్పుతూ, ఒక్కో చీరకు వేల సార్లు చెయ్యి ఆడించాలి. తర్వాత డిజైను గీసి, రంగు పట్టకూడని చోట్ల చిటికి (బిగుతు ముడి) కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి, మరో రంగులో ముంచాలి. నేత ఆ తర్వాతి మాట. ఈ పనులు ఇంటి అరుగు మీద, వంటింటి పక్కన, గుంట మగ్గం గదిలో ఇంటిల్లిపాదీ పంచుకుని చేస్తారు. మగ్గాలను వరసగా పెట్టిన షెడ్డు కట్టి అక్కడికి రమ్మంటే, వచ్చేది నేసే మనిషి ఒక్కడే. మిగతా కుటుంబం చేసే పనికి ఆ కట్టడంలో చోటు లేదు. గార్మెంటు ఫ్యాక్టరీ కోసం ఆలోచించిన నమూనాను చేనేతకు తొడిగారన్నది నా అభిప్రాయం. స్థానిక భాగస్వామ్యం అన్నారు గానీ, భాగస్వాములైనది పెట్టుబడి పెట్టగలవారే, ఆసు పోసేవారు కాదు.

అదే ప్రాంతంలో ఆ పార్కుతో సంబంధం లేకుండా జరిగిన ఒక చిన్న మార్పు అంతకన్నా ఎక్కువ మేలు చేసింది. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, రోజంతా ఆసు పోసి భుజాలు పడిపోయిన తన తల్లి బాధ చూసి, 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశారు. చేతితో నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరలో ముగుస్తుంది, అదీ ఇంట్లోనే. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి యంత్రానికి ఇచ్చే సబ్సిడీ పార్కు ఖర్చు ముందు లెక్కలోకి రాదు. కానీ ప్రభుత్వం చెయ్యి తీసేసినా యంత్రం ఆ ఇంట్లో తిరుగుతూనే ఉంటుంది. ఆ పేరును ఆ ప్రాంతపు సరుకుకే పరిమితం చేస్తూ పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా ఇలాంటి పెట్టుబడే. కాకపోతే ఇక్కత్ నమూనాను మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి పోచంపల్లి పేరుతో అమ్మేవారిని పట్టుకునే యంత్రాంగం లేకపోతే ఆ గుర్తింపు గోడకు తగిలించుకునే పత్రమే అవుతుంది. చేతిమగ్గాలకే 11 రకాల గుడ్డలను కేటాయించిన 1985 నాటి చట్టానిదీ ఇదే కథ. అమలుకు కావలసింది కోట్లు కాదు, తనిఖీ సిబ్బంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. దాని వల్ల ఊరి పేరు పెరిగింది, చీర ధర మాత్రం పెద్దగా మారలేదనుకుంటాను.

వరంగల్ గురించి క్లుప్తంగా చెప్పవచ్చు, ఎందుకంటే అక్కడ ప్రశ్నే వేరు. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు ఒకప్పుడు ఆ నగరానికి అన్నం పెట్టింది. తర్వాత జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లి, 2002 ప్రాంతంలో మూతపడింది, భూములు అమ్ముడుపోయాయి. ఆ లోటు పూడుస్తామంటూ 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా జౌళి పార్కుకు శంకుస్థాపన చేశారు. కేరళ నుంచి కిటెక్స్, కొరియా నుంచి యంగ్‌వన్ వచ్చాయి. 2023లో కేంద్రం తన పెద్ద జౌళి పార్కుల పథకమైన పీఎం మిత్రకు ఎంపిక చేసిన ఏడు పార్కుల్లో ఇదీ ఒకటి. సూరత్, షోలాపూర్, భివండి వలసపోయిన నేతన్నలు తిరిగి వస్తారని ఆనాడు చెప్పారు గానీ, అక్కడ లేస్తున్నది ప్రధానంగా దుస్తులు కుట్టే పరిశ్రమ. కుట్టుపని నేర్చుకున్న చుట్టుపక్కల పల్లెల అమ్మాయిలకు నెల జీతం, పీఎఫ్ వస్తాయి. ఆ జిల్లాకు అది చిన్న లాభం కాదు. కానీ దాన్ని నేత వృత్తి పునరుద్ధరణ ఖాతాలో రాయడం సరికాదు. కంపెనీ రేపు మరో రాష్ట్రంలో ఇంకా చవక భూమి దొరికిందని వెళ్లిపోతే మిగిలేవి రోడ్లు, సబ్‌స్టేషను, కుట్టడం నేర్చిన చేతులు. భూమి ఇచ్చిన రైతు కుటుంబాలకు మాత్రం పొలం తిరిగి రాదు.

ఏది మేలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదనడం తప్పించుకోవడమే అవుతుంది కనుక నా మొగ్గు ఎటో చెబుతాను. ఇప్పటికే మగ్గాలున్న ఊరికి పెద్ద కంపెనీల దారి పనికిరాదు. అది పని లేని యువత ఎక్కువగా ఉండి, చెప్పుకోదగ్గ వృత్తి మిగలని ప్రాంతానికి సరిపోతుంది. మిగిలిన రెండింటిలో పోచంపల్లి పార్కు ఆలోచన బాగుంది, సొమ్ము తప్పు చోట పడింది. సిరిసిల్ల ఆర్డరులో సొమ్ము చాలినంత ఉంది, ఆలోచన లోపించింది. ఏడాదికి సుమారు 300 కోట్ల ఆర్డరు ముందు 40 కోట్ల గరిష్ఠ గ్రాంటు ఎంత చిన్నదో చూస్తే, ప్రభుత్వం చేతిలో ఉన్న అసలు బలం కొనుగోలేనని ఒప్పుకోవాలి. కాబట్టి ఆర్డరు ఉండాలి, దానికి షరతులూ ఉండాలి.

మొదటి షరతు ప్రభుత్వం తనకు తాను పెట్టుకోవలసినది: సరుకు అందిన ఇన్ని రోజుల్లో డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ కట్టాలి. ఎందుకంటే బకాయి నిలిచినప్పుడు మొదట ఆగేది ఆసామి ఇంటి పొయ్యి. ఆ తర్వాత, ఆర్డరు తీసుకునే యజమానులు, పరస్పర సహాయక సంఘాలు ఏటా కొంత శాతం గుడ్డను బయటి మార్కెట్లో అమ్మి చూపించాలి, ఆ శాతం ఏడాదికేడాది పెరగాలి. ఆర్డరు విలువలో చిన్న భాగాన్ని పక్కకు తీసి అద్దకం, ప్రాసెసింగ్, మురుగునీటి శుద్ధి కోసం ఉమ్మడి యూనిట్లు కట్టాలి. మురుగునీటిని వదిలేస్తే ఏమవుతుందో 2011లో మద్రాసు హైకోర్టు ఆదేశంతో అద్దకం యూనిట్లు మూతపడ్డ తిరుప్పూర్‌ను అడిగితే తెలుస్తుంది. ఆ యూనిట్ల కమిటీలో యజమానులతో పాటు ఆసాములకు, కార్మికులకు ఓటు ఉండాలి. హనుమకొండ పక్కన మడికొండలో సూరత్ నుంచి తిరిగి వచ్చిన నేత కుటుంబాలు సొసైటీ కట్టి సొంతంగా చిన్న పార్కు పెట్టుకున్నాయి. పరిమాణంలో గీసుగొండ పార్కు ముందు అది ఏపాటిది కాదు, కానీ స్థలం, సాంచా, నిర్ణయం మూడూ నేసేవారివే. సిరిసిల్లలో తదుపరి ఆర్డరు పత్రం రాసే అధికారులు ఒకసారి మడికొండ వెళ్లి, ఆ సొసైటీ నూలు ఎక్కడ కొంటోంది, గుడ్డ ఎవరికి అమ్ముతోంది, అప్పు ఎలా తీరుస్తోంది అని అడిగి రాసుకుని రావడం మంచిది.