‘పెర్ఫార్మెన్స్ రీకర్వ్’ డిస్ట్రిబ్యూటర్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు విప్పి చూడండి

వైజాగ్‌లో అంబాసిడర్ 1500కి జంట కార్బ్యురేటర్లు పెట్టి పరిగెత్తిద్దామనుకునే అన్నలూ తమ్ముళ్లూ, ఒక్క నిమిషం. రోజూ రీల్స్ పెట్టి "రీకర్వ్ చేసిన లూకాస్ 25డి4" అని ఊదరగొడుతున్న ఆ పెద్దమనిషి ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. 25డి4 అంటే ఏ సిలిండర్‌కి ఎప్పుడు నిప్పు పడాలో చూసే డిస్ట్రిబ్యూటర్. వేగం పెరిగేకొద్దీ ఆ నిప్పు ఎంత ముందుగా పడాలో మార్చి బిగించడమే రీకర్వ్. ఆయన దగ్గర 9,500 రూపాయలు పోసి తెచ్చిన సరుకు సంగతి ఇది.

పైన వెండి రంగు తళతళ. పాయింట్ల ప్లేటు ఎత్తితే, వేగానికి విచ్చుకుని నిప్పును ముందుకు జరిపే వెయిట్ల పిన్నులు తుప్పు, మన సముద్రపు గాలికి ఏ మూలో పడి ఉన్నదే. ఆ వెయిట్లను పట్టి ఉంచేవి రెండు వైపులా సన్న స్ప్రింగులు. క్యామ్ అడుగు రేకు మీద అంకె 15, వెయిట్లు నిప్పును మహా అయితే ఎంత ముందుకు జరుపుతాయో చెప్పేది. అసలు మోసం ఇక్కడే ఉంది. ఆ అంకె డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు, క్రాంక్ లెక్కలో రెట్టింపు, అంటే 30. బేస్, అంటే ఐడిల్లో ఉండే టైమింగ్, 10 పెడితే మొత్తం 40. ఈ ఇంజన్‌కి 32కి అటూ ఇటూగా ఆగాలి. సన్న స్ప్రింగుల పుణ్యమా అని ఆ 40 కాస్తా 2,000 ఆర్‌పీఎంకే వచ్చి కూర్చుంటుంది. సింహాచలం కొండ మీదికి మూడో గేరులో తొక్కండి, నాకింగ్, అదే ఇంజన్‌లో టకటక, మీ చెవులకే వినిపిస్తుంది. అలాగే తోలితే పిస్టన్లు పోతాయి. బేస్‌ని 2కి దించితే లెక్క 32 అవుతుంది, నిజమే. కానీ ఐడిల్ ఈడ్చుకుంటుంది, బండి కింది నుంచి లాగదు, వేడెక్కుతుంది. కావలసింది 11 అంకె క్యామ్. 22, దాని మీద బేస్ 10.

వాక్యూమ్ యూనిట్, అంటే ఇంజన్ పీల్పుతో నిప్పును ఇంకాస్త ముందుకు జరిపే డబ్బా, దాని కథ ఇంకా ఘోరం. అసలుదాని మీద 5-13-10 లాంటి అంకెలుంటాయి: 5 అంగుళాల వాక్యూమ్ దగ్గర లాగడం మొదలు, 13 దగ్గర పూర్తి, మొత్తం 10 డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు. దీని మీద ఆకురాయితో గీకేశారు. పైపు తగిలించే ముక్కు మొదట్లో పగులు, దాని మీద ఎం-సీల్, ఆపైన పెయింటు. వాక్యూమ్ లాగే చేతి పంపుతో 10 అంగుళాలు లాగితే చెయ్యి తీసేలోపు ముల్లు సున్నాకి వచ్చింది. లోపల డయాఫ్రం కూడా చిరిగే ఉంది.

ఆ ముల్లు పడిపోవడం కౌంటర్ మీద పెట్టి ఆయనకే చూపించాను. ఏమన్నాడో తెలుసా? "రేసింగ్ బండికి వాక్యూమ్ ఏటి గురూ? పైపు పీకేసి బోల్టు కొట్టెయ్. టైమింగంటే తెలీనోళ్లకి సరుకమ్మడం నా కర్మ." కుర్రాళ్లు పకపకా నవ్వారు. డబ్బు అడిగితే నా చేతిలో బిల్లు లాక్కుని, దాని మీద "వాడిన సరుకు వాపసు లేదు" అని అప్పటికప్పుడు రబ్బరు స్టాంపు కొట్టి ఇచ్చాడు. స్టాంపు సిరా ఇంకా ఆరలేదు. ఎంత మర్యాదో!

ఆ మహానుభావుడికి తెలియనిది ఏమిటంటే, వాక్యూమ్ అక్కర్లేనిది ఎప్పుడూ ఫుల్ థ్రాటిల్ మీద తిరిగే ఇంజన్‌కి. అనకాపల్లి వైపు హైవే మీద 70లో నింపాదిగా పోయే బండికి థ్రాటిల్ కొంచెమే తెరుచుకుంటుంది, సిలిండర్ సగం నిండుతుంది, పల్చటి మిశ్రమం నెమ్మదిగా మండుతుంది. నిప్పు ముందే పడాలి. అది లేకపోతే మైలేజీ పోతుంది, ఎగ్జాస్ట్ కాలిపోతుంది. ఫుల్‌గా తొక్కగానే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పడిపోతుంది కాబట్టి ఆ అదనపు డిగ్రీలు వాటంతట అవే తప్పుకుంటాయి. నాకింగ్ వస్తుందని పైపు పీకేవాళ్లు అసలు తప్పు క్యామ్‌లో ఉందని చూడరు.

కొనేవాళ్లు చేతి పంపు వెంట తీసుకెళ్లండి, 10 అంగుళాలు నిమిషం పాటు నిలవాలి. క్యామ్ అంకె చూపించనంటే వదిలేయండి. షాఫ్ట్ పక్కలకి ఊగితే పాయింట్ల గ్యాప్ నిలవదు. బిగించాక వాక్యూమ్ పైపు తీసి, మూసి, టైమింగ్ లైటుతో ఐడిల్లో ఒకసారి, 3,000 దగ్గర ఒకసారి చూడండి. బిల్లు మీద పార్టు అంకెలు ఆయన చేతే రాయించుకోండి, స్టాంపు కొట్టకముందే.