ఆర్స్ మాజికా ఐదో ఎడిషన్: కత్తి కంటే ల్యాబ్‌కే పదునెక్కువ

రోల్‌ప్లేయింగ్ ఆటల్లో మాంత్రికుడి పాత్రను పదును పెట్టుకోవడం అనగానే చాలామంది ఆటగాళ్లకు ముందుగా తోచేది యుద్ధం: ఏ మంత్రంతో ఎంతమంది పడతారు, ఒక్క రౌండులో ఎంత నష్టం చేయవచ్చు అన్న లెక్కలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో దొరికిన మంత్రాన్ని తన పుస్తకంలోకి ఎక్కించుకోవడానికి మాంత్రికుడు ఒక్కో స్థాయికి రెండు గంటల సమయం, 50 బంగారు నాణేలు ఖర్చు పెడితే చాలు. ఆర్స్ మాజికాలో అలా కుదరదు. అక్కడ మాంత్రికుడి జీవితంలో ఎక్కువ భాగం ప్రయోగశాలలోనే గడుస్తుంది, పాత్ర బలమంతా అక్కడ గడిపిన ఏళ్ల నుంచే వస్తుంది. జోనథన్ ట్వీట్, మార్క్ రైన్-హాగెన్ రూపొందించిన ఈ ఆటను 1987లో లయన్ రాంపంట్ సంస్థ తొలిసారి ప్రచురించింది (తర్వాత డి అండ్ డి మూడో ఎడిషన్ రూపకల్పనకు నాయకత్వం వహించినవాడూ ఈ ట్వీటే). అట్లస్ గేమ్స్ 2004లో తెచ్చిన ఐదో ఎడిషన్ ఉత్తమ రోల్‌ప్లేయింగ్ ఆటగా ఆరిజిన్స్ అవార్డు అందుకుంది. ఈ సమీక్ష ఆ ఎడిషన్ గురించి, అందులోనూ ప్రధానంగా ల్యాబ్ నియమాల గురించి.

కథాస్థలం మధ్యయుగపు ఐరోపా. ఆట మామూలుగా 1220లో మొదలవుతుంది. ఆటగాళ్ల మాంత్రికులందరూ పన్నెండు హౌసులు (శాఖలు) ఉన్న ఆర్డర్ ఆఫ్ హెర్మిస్ అనే మాంత్రికుల సంఘంలో సభ్యులు. కాలాన్ని మూడేసి నెలల సీజన్లుగా లెక్కిస్తారు కాబట్టి ఏడాదికి నాలుగే సీజన్లు దక్కుతాయి, ఒక్కో సీజన్‌లో సాధారణంగా ఒక్క పెద్ద పనే అవుతుంది. చదువుకోవాలా, మంత్రం కనిపెట్టాలా, వస్తువుకు శక్తి పోయాలా, శిష్యుడికి పాఠం చెప్పాలా అన్నది ప్రతి సీజన్ మొదట్లోనూ తేల్చుకోవలసిందే. ఈ ఆటలో అసలు డబ్బు ఈ సీజన్లే.

ల్యాబ్‌లో ఏం చేయాలన్నా ఆధారమయ్యే సంఖ్య ల్యాబ్ టోటల్. టెక్నిక్ (మంత్రం ఏం చేస్తుందో చెప్పే కళ), ఫార్మ్ (దేని మీద చేస్తుందో చెప్పే కళ), బుద్ధిబలం, మ్యాజిక్ థియరీ అనే సామర్థ్యం, ఆ చోటి మాంత్రిక ప్రభావమైన ఆరా, ఈ అయిదింటి అంకెల మొత్తమే అది. క్రియో, ఇంటెలెగో, ముటో, పెర్డో, రెగో అని టెక్నిక్‌లు 5. అనిమాల్ నుంచి విమ్ దాకా ఫార్మ్‌లు 10. వాటిని జతచేస్తే 50 కలయికలు వస్తాయి. కొత్త మంత్రం కనిపెట్టాలంటే ల్యాబ్ టోటల్ ఆ మంత్రస్థాయిని మించాలి. ఎంత మించితే ప్రతి సీజన్‌కూ అన్ని పాయింట్లు పోగవుతాయి, పోగైన మొత్తం మంత్రస్థాయికి చేరిన రోజున మంత్రం చేతికొస్తుంది.

చూడటానికి ఇది చిన్న కూడికే గానీ ఆటలోని తెలివంతా దీని లోపలే ఉంది. క్రియో (సృష్టి) 10, ఇగ్నెమ్ (నిప్పు) 10, బుద్ధిబలం 3, మ్యాజిక్ థియరీ 5, ఆరా 3 ఉన్న మాంత్రికుడిని తీసుకుందాం. నిప్పు మంత్రాల్లో అతని ల్యాబ్ టోటల్ 31. స్థాయి 30 ఉన్న అగ్నిమంత్రం కనిపెట్టాలని కూర్చుంటే సీజన్‌కు ఒక్క పాయింటే మిగులుతుంది కనుక 30 సీజన్లు, అంటే ఏడున్నరేళ్లు పడుతుంది. మ్యాజిక్ థియరీలో మంత్రాలు కనిపెట్టడాన్నే ప్రత్యేకతగా రాసుకుని ఉంటే మొత్తం 32 అవుతుంది, కాలం ఒక్కసారిగా 15 సీజన్లకు దిగుతుంది. ఇంకా మెలకువ ఉన్నవాడు ఆ పెద్ద మంత్రం జోలికి నేరుగా పోడు. అదే కోవలోని స్థాయి 20 మంత్రాన్ని, అంటే పైలమ్ ఆఫ్ ఫైర్ లాంటిదాన్ని, ముందు రెండు సీజన్లలో కనిపెడతాడు. పోలిక ఉన్న మంత్రం తెలిసి ఉంటే దాని స్థాయిలో అయిదో వంతు ల్యాబ్ టోటల్‌కు కలుస్తుంది కాబట్టి 31 కాస్తా 35 అవుతుంది, స్థాయి 30 మంత్రం ఆరు సీజన్లలో తేలుతుంది. మొత్తం కలిపి రెండేళ్లు. అదే పాత్ర, అవే అంకెలు, పని చేసిన వరుస ఒక్కటే మారింది. నియమాల పుస్తకం ఈ చిట్కాను ఎక్కడా విప్పి చెప్పదు. ఆటగాడే పట్టుకోవాలి, పట్టుకున్నప్పుడు కలిగే తృప్తి వేరు.

అన్నిటికన్నా చవకైన దారి మరొకటి ఉంది. ఆ మంత్రాన్ని ఇంతకుముందే కనిపెట్టిన మాంత్రికుడి ల్యాబ్ రాతప్రతి దొరికితే, ల్యాబ్ టోటల్ మంత్రస్థాయికి తగ్గకుండా ఉన్నంతవరకు ఒక్క సీజన్‌లోనే నేర్చుకోవచ్చు. ఒక్కడే కూర్చుంటే ఏడున్నరేళ్లు, ప్రతి చేతిలో ఉంటే మూడు నెలలు! అందుకే ఈ ఆటలో గ్రంథాలయాల కోసం రాజకీయాలు నడుస్తాయి, ఉత్తరాలు రాసుకుంటారు, ప్రతులు మార్చుకుంటారు, అప్పుడప్పుడు దొంగిలిస్తారు. హౌస్ బోనిసాగస్ వారు తమ పరిశోధన ఫలితాలను ఆర్డర్ అంతటికీ పంచాలి. దానికి బదులుగా ఏ మాంత్రికుడి శిష్యుడినైనా తమ శిష్యుడిగా తీసుకునే హక్కు వారికి ఉంటుంది. కథలో పుట్టిన ఈ నియమం అంకెల్లోనూ నిలబడటం రూపకర్తల నేర్పు.

పాత్రను తయారుచేసేటప్పుడే ఈ బిగింపు తెలిసిపోతుంది. పదిహేనేళ్ల శిష్యరికానికి 240 అనుభవ పాయింట్లు ఇస్తారు. కళ ఒక్కటి 10కి చేరడానికి 55 పాయింట్లు, సామర్థ్యం ఒక్కటి 5కి చేరడానికి 75. పైన చెప్పిన మాంత్రికుడి రెండు కళలకు 110, మ్యాజిక్ థియరీకి 75, లాటిన్ 4కు 50, రక్షణకవచమైన పార్మా మాజికా 1కి 5 అనుకుంటే సరిగ్గా 240 అయిపోతాయి. లెక్క ముచ్చటగా కుదిరిందని మురిసేలోగా ఆర్టెస్ లిబెరాలెస్ అనే మరో సామర్థ్యం గుర్తుకొస్తుంది: అది కనీసం 1 లేకపోతే లాటిన్ మాట్లాడటమే తప్ప చదవడం రాదు. అయిదు పాయింట్ల దగ్గర మాంత్రికుడు నిరక్షరాస్యుడిగా మిగులుతాడు. ఏదో ఒకటి తగ్గించుకోక తప్పదు, ఏది తగ్గించాలన్న దగ్గరే పాత్రకు ఒక స్వభావం ఏర్పడుతుంది.

మ్యాజిక్ థియరీ గొప్పదా, కళలు గొప్పవా అన్న వాదన ఈ ఆట ఆడేవారి మధ్య ఎప్పుడూ ఉండేదే. మ్యాజిక్ థియరీని 5 నుంచి 6కు పెంచడానికి 30 పాయింట్లు కావాలి. అవే 30 పాయింట్లతో ఒక కళను 5 నుంచి 9కి తీసుకుపోవచ్చు. మొదటిది 50 కలయికల్లోనూ ఒక్కో మెట్టు ఎక్కిస్తుంది, రెండోది ఒక్క కళలో నాలుగు మెట్లు ఎక్కిస్తుంది. ఒక్క పనినే పట్టుకుని కూర్చునేవాడికి కళే లాభం. కళ 20 దాటాక మాత్రం ఒక్కో మెట్టు ధర 20కి పైనే కాబట్టి మ్యాజిక్ థియరీ వైపు మొగ్గడం సబబు. టెక్నిక్ పది కలయికలకు పనికొస్తుంది, ఫార్మ్ అయిదింటికే, కాబట్టి టెక్నిక్‌నే ముందు పెంచాలన్నది నా అభిప్రాయం. అయితే ఎదుటివారి మంత్రాలను తట్టుకునే శక్తికి కలిసేది ఫార్మ్ అంకె కనుక దాన్ని బొత్తిగా వదిలేయకూడదు.

ఇక లోపాల సంగతి. సద్గుణాల (పాత్రకు పాయింట్లు పెట్టి కొనుక్కునే ప్రత్యేక లక్షణాల) ధరలు సమంగా లేవు. ఒక కళకు 3 కలిపే ప్యూసెంట్ ఆర్ట్ ఒక పాయింటు; మంత్రం కనిపెట్టినా, మాయావస్తువు చేసినా ల్యాబ్ టోటల్‌కు 3, సాహసించి ప్రయోగం చేస్తే 6 కలిపే ఇన్వెంటివ్ జీనియస్ కూడా ఒక పాయింటే. మొదటిది మంత్రం వేసేటప్పుడు కూడా పనికొస్తుందన్న సమాధానం ఉంది గానీ, పరిశోధకుడి పాత్ర చేసేవారెవరూ రెండోదాన్ని వదులుకోరు. ఎవరూ వదులుకోనిది ఎంపిక అనిపించుకోదు.

అంతకన్నా పెద్ద లోపం చదువు దగ్గర ఉంది. సాహసయాత్రకు వెళ్లివస్తే దక్కేవి 5 నుంచి 10 అనుభవ పాయింట్లు. మంచి ట్రాక్టాటస్ (ఒక అంశం మీద రాసిన చిన్న గ్రంథం) దొరికితే ఇంట్లో కూర్చుని చదివినా ఒక్క సీజన్‌లో 10, 11 వస్తాయి, పైగా ఎవడూ ఈటెతో పొడవడు. అంటే కథలోకి అడుగుపెట్టిన పాత్ర అంకెల్లో నష్టపోతుంది. ట్రాక్టాటస్‌ను ఒకరు ఒక్కసారే చదవగలగడం, సుమ్మా అనే పాఠ్యగ్రంథం తన స్థాయి దాటి ఏమీ నేర్పలేకపోవడం కొంత అడ్డుకట్ట. అసలైన విరుగుడు మాత్రం విస్, అంటే ఘనీభవించిన మంత్రశక్తి. అది ఎక్కువగా అడవుల్లో, పాడుబడ్డ గుళ్లలో, అద్భుత జంతువుల దేహాల్లోనే దొరుకుతుంది. పుస్తకాల పురుగైనా దానికోసం బయటికి రాకతప్పదు.

విస్ విలువ వయసు మీదపడ్డాక తెలుస్తుంది. 35 దాటినప్పటి నుంచి ప్రతి ఏటా వార్ధక్యానికి పాచిక వేయాలి. దాన్ని తట్టుకోవడానికి చేసే దీర్ఘాయువు క్రతువుకు వయసులో ప్రతి అయిదేళ్లకూ ఒక పాన్ (విస్‌ను కొలిచే ప్రమాణం) చొప్పున విస్ కావాలి. 36 ఏళ్లవాడికి 8. ఒక సీజన్‌లో మ్యాజిక్ థియరీకి రెట్టింపు పాన్‌లకు మించి వాడటం కుదరదు కనుక మ్యాజిక్ థియరీ 3 దగ్గర ఆగిపోయినవాడు ఆ క్రతువును తన చేత్తో చేసుకోలేడు, క్రియో కార్పస్‌లో (దేహాన్ని బాగుచేసే మంత్రాల్లో) చేయి తిరిగిన మరొకరి గడప తొక్కాలి. ఆట అంతటిలో నాకు అన్నిటికంటే నచ్చిన నియమం ఇదే. నిప్పులు కురిపించే వీరుడు నలభైల్లో పడేసరికి, ఎన్నడూ పోరాటం ఎరగని వైద్యుడి ముందు చేతులు కట్టుకుని నిలబడతాడు.

కొత్త సిద్ధాంతాలనే కనిపెట్టే మౌలిక పరిశోధన విషయంలో నా అసంతృప్తి దాచుకోను. ప్రయోగానికి సాహసిస్తే ఏం జరగవచ్చో చెప్పే పట్టిక ప్రధాన గ్రంథంలో ఉంది, చక్కగా ఉంది. దుష్ఫలితాల నుంచి ఆవిష్కరణ దాకా అన్నీ అందులో పాచిక మీదే తేలతాయి. మేజిక్ సిద్ధాంతపు హద్దులనే జరిపే పురోగతి నియమాల కోసం మాత్రం బోనిసాగస్ హౌస్‌ను వివరించే అనుబంధ గ్రంథం విడిగా కొనుక్కోవాలి. పరిశోధనే ప్రాణమైన ఆటలో ఆ నియమాలు మొదటి పుస్తకంలోనే ఉండవలసింది. సూత్రాలు అధ్యాయానికి కొంచెంగా చెల్లాచెదురుగా ఉండటం వల్ల తొలి నాళ్లలో ప్రతి సీజన్‌కూ నాలుగైదు చోట్ల పేజీలు తిప్పవలసి వస్తుంది.

లెక్కలంటే విసుగుపుట్టే బృందానికి ఈ ఆట సిఫారసు చేయను. ఒక సాయంత్రంలో ముగిసే కథలకూ ఇది నప్పదు. కనీసం ఇరవై, ముప్పై సీజన్లు గడిపే ఓపిక ఉంటేనే ప్రయోగశాల ఫలితాలు కథలోకి వస్తాయి. మొదలుపెట్టేవారు లెక్కలను కాగితం మీద కాకుండా స్ప్రెడ్‌షీట్‌లో ఉంచుకుంటే సగం శ్రమ తప్పుతుంది. పాత నాలుగో ఎడిషన్‌ను ప్రచురణకర్తలు ఉచితంగానే అందించారు కాబట్టి ఆట తీరు తమకు పడుతుందో లేదో ముందు దానితో చూసుకోవచ్చు. కొనాలనుకున్నవారు మాత్రం 2024లో క్రౌడ్‌ఫండింగ్ జరిగిన డెఫినిటివ్ ఎడిషన్‌ను ఒకసారి పరిశీలించి, ఆ తర్వాతే ఐదో ఎడిషన్ పాత ప్రతి మీద డబ్బు పెట్టాలా వద్దా అన్నది తేల్చుకోవడం మంచిది.