మా డాబా మీద డ్రమ్ము గాలిమర: మూడేళ్లు వాడాక హైడ్రాలిక్ గురించి చెప్పేది

2023 మేలో బెజవాడ సింగ్ నగర్లో మా డాబా మీద ఎక్కించానండీ ఈ కరెంటు గాలిమరని, అప్పట్నుంచి రెండుసార్లు మొత్తం విప్పి బిగించా, కాబట్టి చేద్దామనుకునేవాళ్లకి కాస్త పనికొస్తుందని రాస్తున్నా. నిలువు షాఫ్ట్ మోడల్. రెండొందల లీటర్ల డ్రమ్ములు రెండు నిలువునా సగానికి కోసి, సగాలు ఎదురెదురుగా కొంచెం జరిపి వెల్డింగ్ చేసి, ఒక జత మీద ఇంకో జతని పావు చుట్టు తిప్పి పెట్టించా. ఫిన్లాండ్ ఇంజనీర్ సవోనియస్ 1920ల్లో చేసిన డిజైనే ఇది. గాలి ఏ దిక్కు నుంచి కొట్టినా తిరుగుతుంది, ఆ విషయంలో ఒక్క మాట అనటానికి లేదు.

హైడ్రాలిక్, అంటే ఆయిల్ ఒత్తిడితో శక్తిని పైపుల్లో పంపే పద్ధతి, ఎందుకంటే జనరేటర్ బరువు పైన ఉండకూడదని, గాలి ఎక్కువైతే ఆపటానికి బ్రేక్ కావాలని. పైన పంపు, గోడ వెంబడి హోస్ పైపులు, మెట్ల కింద ఆయిల్‌తో తిరిగే మోటారు, జనరేటర్, ఆయిల్ ట్యాంకు, వాల్వులు. డ్రమ్ము పంపుని తిప్పితే ఆయిల్ కిందకొచ్చి మోటారుని, మోటారు జనరేటర్‌ని తిప్పుతాయి.

ముందు పాత ట్రాక్టర్ గేర్ పంపు పెట్టా. ఆటోనగర్లో హైడ్రాలిక్ పని చేసే ఆయన చూడగానే చెప్పాడు, "తమ్ముడూ, దీనికి నిమిషానికి ఐదారొందల చుట్లన్నా కావాలి, నీ డ్రమ్ము డెబ్బై ఎనభై దాటదు, ఆయిలంతా లోపలే వెనక్కి జారిపోద్ది" అని. నేను వినలేదు, చైన్ వేసి స్పీడ్ పెంచా, దాంతో డ్రమ్ము మీద లోడు పెరిగి అసలు కదలటమే మానేసింది. చివరికి ఆయన చెప్పినట్టే నిదానంగా తిరిగే ఆర్బిట్ మోటారు (ఇదీ ఆయిల్ ఒత్తిడితో తిరిగేదే, మనం తిప్పితే ఆయిల్‌ని తోస్తుంది), చుట్టుకి 50 సీసీ ఆయిల్ తోసేది, పంపులా వాడితే అప్పుడు లైన్లో పడింది.

కరెంటు సంగతికొస్తే, సెకనుకి 5 మీటర్ల గాలిలో మా డ్రమ్ముల సైజుకి గాలిలో ఉండేదే దాదాపు 130 వాట్లు, అందులో ఈ డిజైన్ పట్టేది ఆరో వంతు, అంటే షాఫ్ట్ మీద ఇరవై. ఆ ఇరవైలో పంపు రాపిడి, హోసులు, మోటారు వాటాలు పోగా బ్యాటరీకి ఏమీ మిగల్లేదు. 7 మీటర్లకి వెళ్తే మీటర్లో పదిహేను వాట్లు చూశా. గాలి వేగం రెట్టింపైతే పవర్ ఎనిమిది రెట్లవుతుంది, కానీ అలాంటి గాలి మన బెజవాడలో రోజూ ఎక్కడొస్తుంది, జూన్ జులైలో పడమటి గాలి తోలినప్పుడు తప్ప. అనంతపురం వైపు పెద్ద గాలిమరలున్న రామగిరి కొండల మీద అయితే లెక్క వేరే. మే ఎండకి ఆయిల్ పల్చబడి లీకు ఇంకా పెరిగేది.

బ్రేక్ మాత్రం బంగారం! 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు, ఉదయమే కిందకెళ్లి వాల్వు మూసేశా. ఆయిల్‌కి పోయే దారి లేక డ్రమ్ము బిగుసుకుపోయింది, పంపు లోపలి లీకు వల్ల నిమిషానికి ఒక చుట్టు మెల్లిగా జరుగుతూ ఉంది అంతే. ఇల్లంతా ఈదురుగాలి చప్పుడు, పైన ఇది మాత్రం నిమ్మళంగా ఉంది. ఆ రోజు పెట్టిన ఖర్చంతా వచ్చేసినట్టు అనిపించింది.

తర్వాత 2024 సెప్టెంబర్లో బుడమేరు వరద. మెట్ల కింద పెట్టినవన్నీ మునిగిపోయాయి, ఆ వాల్వు కూడా. పైన డ్రమ్ము తిరుగుతూనే ఉంది, కింద చెయ్యి పెట్టే వీల్లేదు, నేనూ మా బావమరిదీ నైలాన్ తాడేసి పిట్టగోడ రాడ్డుకి కట్టాం. నీళ్లు తీశాక ట్యాంకు మూత తీస్తే ఆయిల్ చిక్కటి మజ్జిగలా తెల్లగా ఉంది. జనరేటర్ బేరింగులు తుప్పు, వైండింగ్ పోయింది. బరువు కిందకి దించానని మురిసిపోయింది అక్కడే దెబ్బకొట్టింది, మనసుకి చాలా కష్టమేసింది.

రెండోసారి బిగించేటప్పుడు మార్చేశా. కొత్త జనరేటర్ డాబా మీదే, రేకు పెట్టెలో, చైన్‌తో. ఇప్పుడు అదే 7 మీటర్ల గాలికి ఇరవై అయిదు దాకా వస్తుంది, రాత్రి మెట్ల లైట్లకీ రౌటర్‌కీ సరిపోతుంది. ఆర్బిట్ మోటారుని బ్రేక్‌కి మాత్రమే ఉంచా, మామూలుగా క్లచ్చు తీసేసి ఉంటుంది, గాలి పెరిగితే కలుపుతా. వాల్వూ, చిన్న ట్యాంకూ పిట్టగోడ పక్కనే, చేతికందేలా. ఒత్తిడి మితిమీరితే ఆయిల్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వు 60 బార్ దగ్గర పెట్టా. ఆయిల్ సీలు మాత్రం ఏడాదికోసారి మార్చాల్సి వస్తుంది, డాబా మీద మరక పడితే ఇంట్లో ఊరుకోరు, కింద ట్రే పెట్టుకోండి.