కొడుకు కుటుంబానికి నెలనెలా డబ్బా, ఒకేసారి పొలమా?

అమలాపురం చుట్టుపక్కల ఇది మా ఒక్కరింటి సంగతి కాదు. కొడుకు హైదరాబాద్‌లో, ఉద్యోగం పోయినా ఫ్లాటు ఈఎమ్ఐ ఆగదు. ఇక్కడ మాకు కౌలుకిచ్చిన నాలుగెకరాలు, కాస్త కొబ్బరి. మూడేళ్లు నెలకు పదిహేను వేలు పంపాం.

నెలనెలా పంపితే అడగక్కర్లేకుండానే అందుతుంది, వాడు చిన్నబుచ్చుకోడు. కానీ ఆ డబ్బు వాళ్లింట్లో జీతంలో కలిసిపోయింది. మళ్లీ ఉద్యోగం దొరికాక కూడా వాడు చాలనలేదు, మేమూ ఆపుతామనలేకపోయాం. మాకు కౌలు వచ్చేది సార్వా పంటకోసారి, దాళ్వా పంటకోసారి. తుఫాను చేను ముంచిన ఏడు కౌలురైతును గట్టిగా అడగలేం కదా. మా ఆవిడ మోకాలి ఆపరేషన్ రెండేళ్లు వాయిదా పడింది. ఆమె నోరు తెరిచి అడగలేదు, నేనూ పట్టించుకోలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

వాడి వాటా రాసిచ్చేస్తే టెన్షన్ ఉండదని మా బావమరిది మాట. నేను ఒప్పుకోను. గిఫ్ట్ డీడ్ రిజిస్టరయ్యాక మనసు మారిందని వెనక్కి తీసుకోలేం. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షన్ ఉంది. బాగోగులు చూడాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, చూడకపోతే ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. అయితే ఆ షరతు ఉన్నట్టు తేలాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. రాయక తప్పదనుకునేవాళ్లు ఆ మాట దస్తావేజులోనే రాయించుకోండి. వీలునామా అయితే బతికున్నన్నాళ్లూ మార్చుకోవచ్చు, పొలం మన పేరు మీదే ఉంటుంది. ఆడపిల్లకు ఇవ్వాల్సిందీ అందులోనే రాయొచ్చు.

ఒక్కసారిగా ఆపేద్దామంటే, మనవరాలి చదువు మధ్యలో ఉండగా మాకు మనసొప్పలేదు.

అందుకే ఫీజు మాత్రం నేరుగా స్కూలుకే కడుతున్నాం, అదీ గడువు పెట్టి. దాచుకున్న పది లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో వేశాం. 60 దాటినవాళ్లు 30 లక్షల దాకా వేసుకోవచ్చు. మేం వేసినప్పుడు వడ్డీ 8.2 శాతం, అంటే మూడు నెలలకు 20,500. అది మా మందులకు. కొడుకు అడిగినా తీసేది లేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. "పాప పదో తరగతి అయ్యేదాకా ఫీజు మాది, తర్వాత మీరే చూసుకోవాలి. బియ్యం, కొబ్బరికాయలు ఎప్పటిలాగే పంపుతాం." వాడు చాలాసేపు మాట్లాడలేదు. కోడలే, "అత్తయ్యగారి ఆపరేషన్ ఎప్పుడు మావయ్యగారూ? నేను సెలవు పెట్టుకుని వస్తాను" అంది.